పారిస్‌లో ఆఖరి రోజు: హోటల్ గది నుంచి శంషాబాద్ దాకా

యూరప్ ట్రిప్పులో డబ్బు, నిద్ర, మనశ్శాంతి ఎక్కువగా పోయేది తిరుగు ప్రయాణం రోజునే. ఆ రోజు పనులు కష్టమైనవేం కావు, వాటి వరుస తప్పడంతోనే తిప్పలు మొదలవుతాయి. పెట్టె బెల్టు మీద వెళ్లిపోయాక ట్యాక్స్ రీఫండ్ (అక్కడ కొన్నవాటి మీద కట్టిన పన్నులో కొంత వెనక్కి తీసుకోవడం) గుర్తొస్తుంది. సెక్యూరిటీ దగ్గర నిలబడ్డాక జామ్ సీసా హ్యాండ్ బ్యాగులో ఉందని తెలుస్తుంది. రైలెక్కాక ఆ టికెట్ ఎయిర్‌పోర్టు దాకా చెల్లదని బయటపడుతుంది. అందుకే ఏ పని తర్వాత ఏ పని అనే వరుసలోనే ఇక్కడ అంతా రాస్తున్నాం.

ఉదాహరణకి మనవాళ్లు ఎక్కువగా ఎంచుకునే ప్రయాణాన్నే తీసుకుందాం: రాత్రి 9, 10 గంటల మధ్య పారిస్ చార్లెస్ డి గాల్ ఎయిర్‌పోర్టులో విమానం ఎక్కి, గల్ఫ్‌లో మారి, మర్నాడు హైదరాబాద్‌లో దిగడం. మీది పొద్దుటి విమానమైతే ఇక్కడ పగలు చేయమన్న పనులన్నీ ముందు రోజు సాయంత్రానికి జరపండి.

ముందు రోజు రాత్రి: సర్దుడు

పెట్టె తెరిచే ముందు పాస్‌పోర్టులో వీసా స్టిక్కర్ చూడండి. అందులో రెండు లెక్కలుంటాయి. ఒకటి వీసా చెల్లే చివరి తేదీ. రెండోది మీరు ఉండగలిగే మొత్తం రోజులు. ఈ రోజుల లెక్కలో దిగిన రోజు, బయల్దేరే రోజు కూడా నిండు రోజులే. 15 రోజులకు వీసా ఇస్తే 15వ రోజు అర్ధరాత్రి లోపల ఇమిగ్రేషన్ దాటాలి. చివరి రోజున రాత్రి 12 దాటాక బయల్దేరే విమానం ఎప్పుడూ బుక్ చేయకండి. విమానం ఆలస్యమై తేదీ మారిపోతే మాత్రం ఎయిర్‌లైన్స్ కౌంటర్లో ఆలస్యమైనట్టు కాగితం అడిగి తీసుకోండి. తర్వాతి వీసా దరఖాస్తుకి అదే మీ సాక్ష్యం.

ఇక బరువు. ఎకానమీలో చాలా ఎయిర్‌లైన్స్ పెట్టెకు 23 కిలోలు ఇస్తాయి. కొన్ని 25, 30 కూడా ఇస్తాయి, టికెట్ మీద రాసి ఉంటుంది. మొత్తం కోటా ఎంతున్నా ఒక్క పెట్టె 32 కిలోలు దాటితే తీసుకోరు. అది మోసే కార్మికుల భద్రత కోసం పెట్టిన నిబంధన, బతిమాలినా ఫలితం ఉండదు. చేత్తో పట్టుకుని తూచే చిన్న డిజిటల్ కాటా ఇండియా నుంచే తెచ్చుకుంటే మంచిది. తూచినప్పుడు కనీసం ఒక కిలో ఖాళీ ఉంచండి, కౌంటర్ కాటా మీ కాటా ఒకేలా చూపించవు.

ఇక్కడ కొన్నవాటిలో బరువెక్కువ ఉండేవి మూడు: వైన్ సీసాలు, ఇనుప ఐఫిల్ టవర్ బొమ్మలు, పుస్తకాలు. నిండు వైన్ సీసా ఒక్కటే కిలోంబావు దాకా తూగుతుంది. ఇండియాలోకి పెద్దవాళ్లు ఒక్కొక్కరు 2 లీటర్ల మద్యం సుంకం లేకుండా తెచ్చుకోవచ్చు. సీసా 750 మిల్లీలీటర్లు కాబట్టి మనిషికి రెండు సీసాలు హాయిగా సరిపోతాయి, మూడోది పరిమితి దాటుతుంది. సీసాని ముందు ప్లాస్టిక్ కవర్లో పెట్టి ముడి వేయండి. దాన్ని జీన్స్ ప్యాంటు కాలులోకి దూర్చి, మిగిలిన ప్యాంటుని చుట్టూ తిప్పండి. పెట్టె మధ్యలో, నాలుగు వైపులా మెత్తటి బట్టలు ఉండేలా పడుకోబెట్టండి. సీసా పెట్టె గోడకి ఆనుకుంటే మాత్రం పగలడం ఖాయమనుకోండి.

ఆవకాయ, పొడులు మిగిలాయా? పొడులు సరే, పచ్చడితోనే ప్రమాదం. విమానం పైకెళ్లాక లోపలి గాలి ఒత్తిడి నేల మీద ఉన్నంత ఉండదు. సీసాలో మూతకీ పచ్చడికీ మధ్య ఇరుక్కున్న గాలి వ్యాకోచించి, నూనెను మూత మరల గుండా బయటికి తోస్తుంది. దిగేసరికి కొత్తగా కొన్న కోటు మీద ఎర్రటి మచ్చ. దీనికి మందు తేలిక. పైన తేలిన నూనెని టిష్యూతో అద్ది తీసేయండి. సీసా నోటి మీద క్లింగ్ ఫిల్మ్ రెండు పొరలు పరిచి, ఆ పైన మూత బిగించండి. మూత చుట్టూ టేపు వేసి, జిప్ కవర్లో పెట్టి, ఆ కవర్ని మరో కవర్లో పెట్టండి. పావు సీసా కూడా మిగలకపోతే మాత్రం అంత తంటా వద్దు, అక్కడే వదిలేయండి.

పెట్టెలోనే వెళ్లాల్సినవి కొన్నింటిని జనం తెలియక హ్యాండ్ బ్యాగులో పెట్టి పోగొట్టుకుంటారు. మెత్తటి చీజ్ (కామాంబేర్, బ్రీ లాంటివి), నుటెల్లా, జామ్, తేనె, ఇవన్నీ సెక్యూరిటీ లెక్కలో ద్రవాలే. నీళ్లలో మంచు రాలే గాజు గోళం బొమ్మ కూడా ద్రవమే! స్విట్జర్లాండ్‌లో కొన్న మడత కత్తి, కోసుగా ఉన్న ఇనుప టవర్ బొమ్మ కూడా పెట్టెలోకే. 

దీనికి ఉల్టా, పవర్ బ్యాంకు, విడి బ్యాటరీలు ఎప్పుడూ హ్యాండ్ బ్యాగులోనే. సామాను గదిలో లిథియం బ్యాటరీ అంటుకుంటే ఆర్పే మనిషి ఉండడు. 100 వాట్-అవర్ల దాకా అనుమతి అక్కర్లేదు. 20,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంకు 74 వాట్-అవర్లు, 27,000 దాటితే పరిమితి మీద ఉన్నట్టే. అంకెలు చెరిగిపోయిన పవర్ బ్యాంకుని లాగేసుకోవచ్చు. గల్ఫ్ ఎయిర్‌లైన్స్‌లో కొన్ని ఇప్పుడు విమానంలో దాన్ని వాడనివ్వడం లేదు కాబట్టి ఫోన్ ముందే నింపుకోండి. ఇంకో సంగతి: విమానం నిండిపోయి, గేటు దగ్గర మీ హ్యాండ్ బ్యాగు కిందకు పంపుతామంటే, ఇచ్చే ముందు పవర్ బ్యాంకు, పాస్‌పోర్టు, మందులు, బంగారం బయటికి తీసేయండి.

చాక్లెట్లు ఏప్రిల్, మే, జూన్‌లలో హ్యాండ్ బ్యాగులోనే తీసుకెళ్లండి. గల్ఫ్ ఎయిర్‌పోర్టులో, శంషాబాద్‌లో సామాను బండి మీద ఎండలో గడిపే పావుగంట చాలు, పెట్టెలోని చాక్లెట్ కరిగి మళ్లీ గడ్డకట్టి, పైన తెల్లటి పొర కడుతుంది. పాడైనట్టు కాదు గానీ ఇచ్చేటప్పుడు బాగుండదు.

తోట పిచ్చి ఉన్నవాళ్లకి ఒక మాట. ఆమ్‌స్టర్‌డామ్‌లో కొన్న తులిప్ దుంపలు, పూల విత్తనాలు ప్లాంట్ క్వారంటైన్ పరిధిలోకి వస్తాయి. అనుమతి పత్రాలు లేకుండా ఇండియాలోకి తీసుకురాకూడదు. మాంసం ఉత్పత్తుల సంగతీ అంతే.

పడుకునే ముందు ఫోన్లో మూడు పనులు చూసుకోండి. ఎయిర్‌లైన్స్ యాప్‌లో ఆన్‌లైన్ చెక్-ఇన్. శాకాహార భోజనం నమోదైందో లేదో (మార్చాలంటే సాధారణంగా 24 గంటల ముందే మార్చాలి). ఎయిర్‌పోర్టుకి వెళ్లే ఆర్‌ఈఆర్ బి రైలు లైను మీద మర్నాడు సమ్మె గానీ మరమ్మతులు గానీ ఉన్నాయేమో. ఫ్రాన్స్‌లో సమ్మెని 'గ్రేవ్' అంటారు, ఏయే రైళ్లు నడుస్తాయో ముందు రోజు సాయంత్రానికి ప్రకటిస్తారు. పెద్దవాళ్లకి వీల్‌చైర్ కావాలంటే 48 గంటల ముందే ఎయిర్‌లైన్స్‌కి చెప్పి ఉండాలి. యూరప్ ఎయిర్‌పోర్టుల్లో అది ఉచితం, మొహమాటపడక్కర్లేదు. ఇమిగ్రేషన్ వరుసలో రెండు గంటలు నిలబడలేని అమ్మానాన్నలకి తప్పకుండా పెట్టించండి.

చెక్-అవుట్ తర్వాత మిగిలిన పగలు

హోటల్ గది ఉదయం 11 ప్రాంతానికి ఖాళీ చేయాలి. బుకింగ్‌లో మొత్తం డబ్బు కట్టేసినా, మనిషికి రాత్రికి ఇంత అని సిటీ ట్యాక్స్ కౌంటర్లో అడుగుతారు, అది మోసం కాదు. గది వదిలే ముందు లాకర్, దిండు కింద, చార్జర్ ప్లగ్గు, బాత్రూం తలుపు వెనక కొక్కెం, ఈ నాలుగు చోట్లా చూడండి. మర్చిపోయిన వస్తువులు దొరికేది అక్కడే.

పెట్టెల్ని హోటల్లోనే వదిలి తిరగొచ్చు, చాలాచోట్ల డబ్బు తీసుకోరు. పాస్‌పోర్టు, నగలు, ల్యాప్‌టాప్ మాత్రం వదలకండి. పెట్టెలతో మ్యూజియానికి వెళ్తే లోపలికి రానివ్వరు. ఆఖరి రోజుకి టైమ్ స్లాట్ ఉన్న టికెట్లు పెట్టుకోకండి. నది ఒడ్డున నడక, ఏదో ఒక పార్కు, మిగిలిన షాపింగ్, అంతే. ఆదివారమైతే టూరిస్టులు తిరిగే ప్రాంతాల్లో తప్ప చాలా షాపులు మూసి ఉంటాయి. షాపింగ్ శనివారమే ముగించండి.

మధ్యాహ్న భోజనానికి మా సలహా గార్ దు నార్ స్టేషన్ వెనక ఉన్న లా షాపెల్ ప్రాంతం. ఫోబూర్ సాం దెనీ వీధి పైభాగం అంతా శ్రీలంక తమిళుల కొట్లు, హోటళ్లు. ఇడ్లీ, దోసె, అన్నం సాంబారు దొరుకుతాయి. రెండు వారాలు బ్రెడ్డు తిన్న నోటికి అదొక ఊరట. అక్కడి నుంచి ఎయిర్‌పోర్టు రైలెక్కే స్టేషన్ పది నిమిషాల నడకే కాబట్టి, పెట్టెలు తెచ్చుకోగలిగితే మళ్లీ వెనక్కి వెళ్లే పని కూడా ఉండదు.

ఎయిర్‌పోర్టుకి

రాత్రి 9:30 విమానానికి సాయంత్రం 5:30కల్లా టెర్మినల్‌లో ఉండాలి. ట్యాక్స్ రీఫండ్ కాగితాలు లేకపోతే 6:30 చాలు. కుటుంబానికి నలుగురు, పెట్టెలు ఆరు ఉంటే టాక్సీయే మేలు. పారిస్ టాక్సీలకి చార్లెస్ డి గాల్‌కి ప్రభుత్వం నిర్ణయించిన స్థిర రేటు ఉంది: సేన్ నదికి కుడి ఒడ్డు నుంచి 56 యూరోలు, ఎడమ ఒడ్డు నుంచి 65 యూరోలు (2025 లెక్క). లూవ్ర్, ఒపేరా, మోమార్త్ కుడి ఒడ్డు. ఐఫిల్ టవర్, మోంపర్నాస్ ఎడమ ఒడ్డు. లగేజీకి అదనం లేదు, ట్రాఫిక్‌లో ఆగినా రేటు మారదు. కారు పైన 'టాక్సీ పారిజియెన్' అని వెలిగే బోర్డు ఉండాలి. స్టేషన్లో దగ్గరికొచ్చి "టాక్సీ, టాక్సీ" అని పిలిచేవాళ్ల వెంట వెళ్లకండి.

రైలైతే ఆర్‌ఈఆర్ బి. గార్ దు నార్, షాట్లే, సాం మిషెల్, డాంఫేర్ రోష్రో, ఈ స్టేషన్లలో ఎక్కొచ్చు. గార్ దు నార్ నుంచి అరగంట చిల్లర. ఇక్కడ తప్పులు మూడు రకాలు.

మొదటిది టికెట్. మెట్రోలో వాడిన మామూలు టికెట్ ఎయిర్‌పోర్టు దాకా చెల్లదు. దానికి వేరే ఎయిర్‌పోర్టు టికెట్ ఉంది (2025లో 13 యూరోలు, రేట్లు జనవరిలో సవరిస్తుంటారు). నావిగో (పారిస్ రవాణా కార్డు) డే పాస్ కూడా ఎయిర్‌పోర్టుకి చెల్లదు. కానీ సోమవారం నుంచి ఆదివారం దాకా నడిచే నావిగో వీక్లీ పాస్ మీ దగ్గరుంటే, ఆ వారంలో ఎయిర్‌పోర్టు ప్రయాణం అందులోనే కలిసి ఉంటుంది, విడిగా కొనక్కర్లేదు. ఈ సంగతి తెలియక పాస్ ఉన్నవాళ్లు కూడా కొంటుంటారు. నావిగో ఈజీ కార్డు అయితే మనిషికి ఒకటి ఉండాలి, ఒక కార్డుతో ఇద్దరు వెళ్లడం కుదరదు. కార్డుని దిగాక కూడా చేతిలో ఉంచుకోండి, ఎయిర్‌పోర్టు స్టేషన్లో బయటికి వెళ్లడానికి మళ్లీ గేటుకి చూపించాలి.

రెండోది రైలు. ఈ లైను ఉత్తరాన ఓల్నే దాటాక రెండుగా చీలుతుంది. ఒకటి ఎయిర్‌పోర్టుకి, రెండోది మిత్రి-క్లేకి. ప్లాట్‌ఫారం మీద తెరలో విమానం బొమ్మ ఉన్న రైలే ఎక్కాలి. తప్పు రైలెక్కారని తెలిస్తే కంగారొద్దు, ఓల్నేలోనో అంతకు ముందో దిగి వెనకాల వచ్చే ఎయిర్‌పోర్టు రైలెక్కండి.

మూడోది దిగే చోటు. ఎయిర్‌పోర్టుకి రెండు స్టేషన్లు. మొదటి దాంట్లో దిగితే టెర్మినల్ 1, 3. ఆఖరి స్టేషన్లో దిగితే టెర్మినల్ 2. పొరపాటున దిగినా సీడీజీవాల్ అనే ఉచిత చిన్న రైలు టెర్మినళ్లని కలుపుతుంది. టెర్మినల్ 2లో మళ్లీ 2ఏ నుంచి 2జీ దాకా విభాగాలున్నాయి, చాలా నడక. టికెట్ మీద అక్షరం ఏమిటో రైల్లోనే చూసి పెట్టుకోండి.

రైలు తలుపుల దగ్గర ఫోన్ చేత్తో పట్టుకుని నిలబడకండి. తలుపులు మూసుకునే క్షణంలో లాక్కుని దిగిపోయే దొంగలు ఈ లైన్లో, గార్ దు నార్‌లో ఎక్కువ. బ్యాక్‌ప్యాక్ ముందుకి వేసుకోండి.

ట్యాక్స్ రీఫండ్: పెట్టె ఇచ్చే ముందే

ఫ్రెంచ్‌లో దీని పేరు 'దెటాక్స్'. యూరోపియన్ యూనియన్ బయట నివాసం ఉండి, 16 ఏళ్లు నిండి, ఆరు నెలల లోపే ఉండడానికి వచ్చినవాళ్లకి ఇది వర్తిస్తుంది. ఒకే షాపులో మూడు రోజుల లోపు కొన్నవాటి మొత్తం 100 యూరోలు దాటాలి. అక్కడ చదువుకుంటున్న పిల్లలు లాంగ్ స్టే వీసా మీద ఉంటారు కాబట్టి వాళ్లకి రాదు. చూడ్డానికి వెళ్లిన తల్లిదండ్రులకి వస్తుంది, బిల్లు తల్లిదండ్రుల పాస్‌పోర్టు మీద చేయించి, వస్తువు వాళ్లే ఇండియాకి పట్టుకెళ్లాలి.

ఎంత వస్తుంది? ఫ్రాన్స్‌లో మామూలు పన్ను 20 శాతం. రీఫండ్ కంపెనీ కమీషన్ పోగా చేతికి వచ్చేది సుమారు ధరలో 12 శాతం. 500 యూరోల బ్యాగు మీద 60 యూరోల దగ్గర. వదులుకోవాల్సిన మొత్తం కాదు.

షాపులో బిల్లుతో పాటు బార్‌కోడ్ ఉన్న దెటాక్స్ పత్రం ఇస్తారు. దాని మీద మీ పేరు, పాస్‌పోర్టు నంబరు, డబ్బు ఎందులోకి రావాలో (కార్డా, నగదా) అక్కడే సరిచూసుకోండి. అంకె తప్పైతే ఎయిర్‌పోర్టులో దిద్దడానికి వీలుండదు.

ఎయిర్‌పోర్టులో చెక్-ఇన్ కౌంటర్ కంటే ముందు దెటాక్స్ బోర్డులు పట్టుకుని వెళ్లండి. పాబ్లో అనే యంత్రాలు కనిపిస్తాయి. భాష ఎంచుకుని, పత్రం మీద బార్‌కోడ్‌ని గాజు కింద పెట్టండి. పచ్చ తెర వస్తే పని అయిపోయింది, కస్టమ్స్ ముద్ర వేసినట్టే. ఒక్కో పత్రానికీ విడివిడిగా చేయాలి, మూడు షాపులైతే మూడు సార్లు. పచ్చ తెరని ఫోన్లో ఫొటో తీసుకోండి. ఎర్ర తెర వస్తే తప్పు చేశారని కాదు. పక్కనే ఉన్న కస్టమ్స్ కౌంటర్‌కి వెళ్లాలి, అక్కడ వస్తువు చూపించమంటారు. అందుకే కొన్నవన్నీ పెట్టెలో పై వరుసలో, బిల్లులతో సహా ఉంచాలి. పెట్టె చెక్-ఇన్ చేసేశాక వస్తువు చూపించమంటే చూపించలేరు, ఆ పత్రం అక్కడితో పోయినట్టే.

మార్చి నుంచి అక్టోబరు దాకా సాయంత్రాల్లో ఈ వరుస గంట కూడా పట్టొచ్చు. గల్ఫ్ విమానాలు, తూర్పు ఆసియా విమానాలు ఒకే వేళకి బయల్దేరడంతో ఈ రద్దీ.

నగదుగా తీసుకుంటే కౌంటర్ దగ్గర మళ్లీ వరుస, రుసుము. కార్డుకి తీసుకోవడమే మంచిది, కొన్ని వారాలు పడుతుంది. ఎక్కడైనా యంత్రం "రూపాయల్లోనా, యూరోల్లోనా" అని అడిగితే యూరోలే నొక్కండి. రూపాయలు నొక్కితే మార్పిడి రేటు వాళ్లిష్టం.

ఇక చాలామంది బోల్తా పడే చోటు ఒకటుంది. మన టూర్లు ఎక్కువగా పారిస్, స్విట్జర్లాండ్, ఇటలీ వరుసలో ఉంటాయి. స్విట్జర్లాండ్ షెంగెన్‌లో (ఒకే వీసాతో తిరగగలిగే దేశాల కూటమిలో) ఉంది కానీ యూరోపియన్ యూనియన్‌లో లేదు. పారిస్‌లో కొని, స్విట్జర్లాండ్ వెళ్లి, జ్యూరిక్ నుంచి ఇంటికి వచ్చేస్తే, ఆ వస్తువు యూనియన్ దాటింది రైల్లో స్విస్ సరిహద్దు దగ్గర. ముద్ర పడాల్సింది అక్కడ. జ్యూరిక్ ఎయిర్‌పోర్టులో ఫ్రెంచ్ పత్రాలకి ముద్ర వేయరు. స్విట్జర్లాండ్ తర్వాత ఇటలీ వెళ్లి రోమ్ నుంచో మిలాన్ నుంచో విమానం ఎక్కితే బాధ లేదు, ఫ్రెంచ్ పత్రాలకి అక్కడి కస్టమ్స్ ముద్ర వేస్తారు. కాబట్టి పెద్ద కొనుగోళ్లు ఏ ఊళ్లో చేయాలన్నది విమానం ఏ ఊరి నుంచో చూసుకుని నిర్ణయించండి. కనీస మొత్తాలు కూడా దేశానికో రకం: ఇటలీలో 70 యూరోలు, జర్మనీలో 50, స్పెయిన్‌లో కనీసం అంటూ లేదు, స్విట్జర్లాండ్‌లో 300 ఫ్రాంకులు. లండన్‌లో 2021 జనవరి నుంచి టూరిస్టులకి ఈ రీఫండే లేదు.

పారిస్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్‌లో మారి హైదరాబాద్ వచ్చేవాళ్లకి: వస్తువు పెట్టెలో నేరుగా హైదరాబాద్‌కి చెక్-ఇన్ అవుతుంటే పారిస్‌లోనే పాబ్లో చేయించాలి. హ్యాండ్ బ్యాగులో ఉంటే యూనియన్‌లో మీ ఆఖరి ఎయిర్‌పోర్టులో.

కౌంటర్ నుంచి గేటు దాకా

పెట్టె ఇచ్చేటప్పుడు ట్యాగు మీద ఆఖరి మూడక్షరాలు చూడండి. హైదరాబాద్ కోడ్ ఉండాలి. గల్ఫ్ దాకా మాత్రమే వేస్తే అక్కడే అడగండి. ట్యాగు రసీదుని, పెట్టెని కలిపి ఒక ఫొటో తీసుకోండి. సామాను పోతే రంగు, కంపెనీ చెప్పడానికి పనికొస్తుంది.

యూరప్ సరిహద్దుల్లో 2025 అక్టోబర్ 12 నుంచి కొత్త ప్రవేశ-నిష్క్రమణ వ్యవస్థ మొదలైంది. పాస్‌పోర్టు మీద ముద్ర బదులు ముఖం, వేలిముద్రలు కంప్యూటర్లో నమోదవుతాయి, ఎన్ని రోజులున్నారో అదే లెక్క వేస్తుంది. దీనివల్ల వరుసలు పెరిగాయి. బోర్డింగ్ రెండు గంటలు ఉండగానే ఇమిగ్రేషన్‌కి వెళ్లిపోండి, డ్యూటీ ఫ్రీ షాపులు ఎలాగూ దాని తర్వాతే.

సెక్యూరిటీలో ద్రవాలు 100 మిల్లీలీటర్ల సీసాల్లో, అన్నీ కలిపి ఒక లీటర్ జిప్ కవర్లో. కొన్ని యూరప్ ఎయిర్‌పోర్టుల్లో కొత్త స్కానర్లతో ఈ నిబంధన సడలింది గానీ దాన్ని నమ్ముకోకండి, మధ్యలో మారే ఎయిర్‌పోర్టులో మళ్లీ తనిఖీ ఉంటుంది. అందుకే డ్యూటీ ఫ్రీలో కొన్న పెర్ఫ్యూమ్, మద్యం సీల్ వేసిన సంచీలో ఇస్తారు. రసీదు లోపల కనిపిస్తుండాలి. హైదరాబాద్‌లో దిగే దాకా ఆ సంచీ విప్పొద్దు. వాసన చూద్దామని పారిస్‌లో విప్పితే గల్ఫ్ తనిఖీలో చెత్తబుట్టలోకి పోతుంది.

చిల్లర నాణేలు ఇండియాలో ఎవరూ మార్చరు. ఎయిర్‌పోర్టులో కాఫీ, నీళ్ల సీసా కొనడానికి వాడేయండి.

విమానం ఆలస్యమైతే మీ హక్కు

యూరోపియన్ యూనియన్ నుంచి బయల్దేరే ఏ విమానానికైనా, అది గల్ఫ్ కంపెనీదైనా ఇండియా కంపెనీదైనా, 261/2004 అనే నిబంధన వర్తిస్తుంది. ఒకే బుకింగ్ అయితే చివరి గమ్యానికి ఎంత ఆలస్యంగా చేరారన్నదే లెక్క. 3,500 కిలోమీటర్లు దాటిన ప్రయాణంలో 4 గంటలు, అంతకంటే ఎక్కువ ఆలస్యమైతే మనిషికి 600 యూరోలు, 3 నుంచి 4 గంటల మధ్య అయితే 300. పారిస్‌లో గంట ఆలస్యమై, గల్ఫ్‌లో రెండో విమానం తప్పి, ఏడు గంటలు లేటుగా హైదరాబాద్ చేరినా ఇది వర్తిస్తుంది. తుఫాను, విమాన నియంత్రణ సిబ్బంది సమ్మె లాంటి కారణాలైతే ఈ డబ్బు రాదు, కానీ భోజనం, రాత్రయితే హోటల్ ఎయిర్‌లైన్సే ఇవ్వాలి. బోర్డింగ్ పాసులు పారేయకండి. ఎందుకు ఆలస్యమైందో రాతపూర్వకంగా అడగండి. క్లెయిమ్ మీరే ఎయిర్‌లైన్స్ వెబ్‌సైట్లో వేయొచ్చు.

దిగాక

విమానంలో కాళ్లు కదపండి, నీళ్లు తాగండి. ఎక్కగానే వాచీ ఇండియా టైముకి మార్చుకోండి: వేసవిలో పారిస్ కంటే మూడున్నర గంటలు, చలికాలంలో నాలుగున్నర గంటలు ముందు. మార్చి ఆఖరి ఆదివారం, అక్టోబరు ఆఖరి ఆదివారం అక్కడ గడియారం మారుతుంది, ఆ రోజుల్లో ప్రయాణమైతే అలారం ఫోన్లో పెట్టుకోండి.

ఢిల్లీలోనో ముంబైలోనో దిగి హైదరాబాద్, విశాఖ, విజయవాడ వెళ్లేవాళ్లు సాధారణంగా పెట్టెల్ని అక్కడే తీసుకుని, కస్టమ్స్ దాటి, మళ్లీ ఇవ్వాలి. అందుకు మూడు గంటలన్నా ఉంచుకోండి. దేశం లోపలి విమానం విడి టికెట్ అయితే సామాను పరిమితి 15 కిలోలే కావచ్చు. అంతర్జాతీయ టికెట్ మీద తెచ్చిన 30 కిలోలకి అదనం కట్టాలి. రెండూ ఒకే టికెట్ మీద బుక్ చేస్తే ఈ గొడవ ఉండదు.

కస్టమ్స్ సంగతి. 2026 ఫిబ్రవరిలో వచ్చిన కొత్త బ్యాగేజ్ రూల్స్‌తో సుంకం లేని పరిమితి మనిషికి 50,000 నుంచి 75,000 రూపాయలకి పెరిగింది. వాడిన బట్టలు, సొంత వస్తువులు ఇందులోకి రావు. పెద్దవాళ్లకి ఒక ల్యాప్‌టాప్ విడిగా అనుమతిస్తారు. గుర్తుంచుకోవాల్సింది, ఒకరి పరిమితి ఇంకొకరిదానికి కలపకూడదు. లక్షన్నర హ్యాండ్‌బ్యాగుని భార్యాభర్తలిద్దరి పేరా సగం సగం లెక్క చెప్పడం కుదరదు. పరిమితి దాటితే రెడ్ ఛానెల్‌కి (సుంకం కట్టాల్సినవాళ్ల దారికి) వెళ్లి చెప్పి కట్టేయండి. గ్రీన్ ఛానెల్‌లో పట్టుబడితే సుంకంతో పాటు జరిమానా. పారిస్‌లో తీసుకున్న ట్యాక్స్ రీఫండ్‌కీ ఇక్కడి సుంకానికీ సంబంధం లేదు, పైగా ఆ పత్రంలో ధర స్పష్టంగా ఉంటుంది. బంగారు నగల మినహాయింపు ఏడాదికి పైగా విదేశంలో ఉండి వచ్చినవాళ్లకే. రెండు వారాల ట్రిప్పులో కొన్న గొలుసుకి అది వర్తించదు.

పెట్టె రాకపోయినా, విరిగి వచ్చినా, ఆ హాలు దాటక ముందే ఎయిర్‌లైన్స్ డెస్కులో పీఐఆర్ ఫారం (సామాను ఫిర్యాదు పత్రం) రాయించి నంబరు తీసుకోండి. బయటికొచ్చాక చెబితే వినరు. దెబ్బతిన్న సామానుకి 7 రోజుల లోపు, ఆలస్యమైన సామానుకి అది చేతికొచ్చిన 21 రోజుల లోపు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి.

శంషాబాద్ నుంచి సిటీలోకి పుష్పక్ బస్సులున్నాయి. విజయవాడ, గుంటూరు వైపు కారులో వెళ్లాల్సినవాళ్లు తామే నడపొద్దు. ఇరవై గంటల ప్రయాణం తర్వాత తెల్లవారుజామున స్టీరింగ్ మీద కునుకు వస్తుంది. డ్రైవర్ని పెట్టుకోండి, లేదా నాలుగు గంటలు పడుకుని బయల్దేరండి.

ఇంటికొచ్చాక మిగిలిన యూరో నోట్లలో 2,000 డాలర్ల విలువ దాకా మీ దగ్గరే ఉంచుకోవచ్చు. అంతకు మించినవి 180 రోజుల లోపు బ్యాంకులోనో మనీ ఛేంజర్ దగ్గరో మార్చేయాలి. ఫారెక్స్ కార్డులో మిగిలింది వెంటనే తీసేయకండి, రీఫండ్ ఆ కార్డుకే పెట్టించి ఉంటే అది వచ్చే దాకా కార్డు బ్రతికే ఉండాలి. దెటాక్స్ పత్రాల ఫొటోలు, పాబ్లో పచ్చ తెర ఫొటో డబ్బు పడే దాకా దాచండి. రెండు నెలలు దాటినా పడకపోతే పత్రం మీది నంబరుతో రీఫండ్ కంపెనీకి మెయిల్ పెట్టండి, దానికి ఆ ఫొటోలు జతచేయండి.